ఓదెలన్న కడిగిన ఫ్లాస్కు

దీపం వేడెక్కడానికి ఇరవై నిమిషాలు.
అందాక నల్లగుడ్డ కట్టిన కిటికీ పక్కన
పైరీన్ సీసా పట్టుకుని కూర్చుంటాను.
బయట హన్మకొండ మీద మే నెల.
గదిలో ఏసీ ఉంది గాని
అది మిషను కోసం, నా కోసం కాదు.

పైరీన్ అంటే
తేనెపట్టులోంచి తుంచిన నాలుగు గూళ్ల ముక్క.
నీళ్లంటే దానికి గిట్టదు,
చిటికెడులో చిటికెడు కరిగి ఇక నావల్ల కాదంటుంది.
కంటికి కనపడని వెలుతురు తాగి
రెప్పపాటులో పదిలక్షల వంతు దాచుకుని
నీలంగా వదిలేస్తుంది.
ఆ నీలంలో ఐదు శిఖరాలు.
చుట్టూ నీళ్లే ఉంటే మొదటిది నిక్కి నిలబడుతుంది.
నూనె లాంటి చోటు దొరికితే
తగ్గి, మూడోదాని భుజం దాకా వస్తుంది.
మొదటిదాన్ని మూడోదానితో భాగిస్తే
పైరీన్ ఇప్పుడు ఎవరింట్లో ఉందో తెలుస్తుంది.

ఇంతే నా పీహెచ్‌డీ. ఇది నాలుగో ఏడు.

సబ్బు కణానికి తలకు నీళ్లు కావాలి, తోకకు వద్దు.
కొద్దిమందే ఉన్నప్పుడు
నీటి అంచున నిలబడి
తోకలు గాలికి ఆరేసుకుంటారు.
అంచు నిండిపోయాక,
లీటరుకు ఎనిమిది మిల్లీమోల్‌లు దాటాక,
ఎవరూ పిలవకుండానే ఓ అరవై మంది
తోకలు లోపలికి, తలలు బయటికి
గుండ్రంగా కూడుకుంటారు.
నయీంనగర్‌లో మా అద్దెగది లాగే.
పరకాల పిల్ల పోతుంది, ఏటూరునాగారం పిల్ల వస్తుంది,
స్టవ్వు అదే, బొక్కెన అదే,
ఓనరమ్మ లెక్కలో గది అదే గది.
కాకపోతే అక్కడ ఈ రాకపోకలు
ఒక్క సెకనులో లక్షల సార్లు.

వాళ్లు కూడుకోవడం పైరీన్ చూడదు.
తడి ఆగింది అంటుంది, అంతే.

మంగళవారం
ఒట్టి నీళ్లలోనే రీడింగు పడిపోయింది.
ఒకటి పాయింటు ఎనిమిది రావాల్సిన చోట
ఒకటి పాయింటు మూడు.
సబ్బు ఇంకా సీసా మూత కూడా దాటలేదు!
స్లిట్లు మార్చాను. దీపాన్ని తిట్టాను.
కాజీపేట దిక్కు గూడ్సుబండి పోతుంటే
బల్ల అదిరిందేమోనని చేత్తో అదిమి చూశాను.
గైడుకు మెయిల్ రాశాను:
సార్, నీళ్లలో ఎవరో ఇల్లు కట్టుకున్నారు.
పంపకుండా చెరిపేశాను.

సింకు దగ్గర ఓదెలన్న ఫ్లాస్కులు బోర్లిస్తున్నాడు.
"అన్నా, ఇవి నువ్వు కడిగినవా?"
"మొన్న నువ్వు ఊరికి పోలే, గప్పుడు.
జర మురికిగ అనిపిస్తే సర్ఫేసి రుద్దిన.
ఎట్ల మెరుస్తున్నయో సూడు."

మెరుస్తున్నాయి.

వాళ్లమ్మ చలివాగు రేవులో
సౌడు కలిపి ఊరోళ్ల బట్టలు ఉడకబెట్టేదట.
"సబ్బు సాలిందా లేదా
మా అవ్వ నీళ్లల్ల ఏలు వెట్టి జెప్పేది."
"ఎట్ల తెలిసేది?"
"ఏమో. తక్కువైతే నీళ్లు గరుకుంటయనేది.
నేను శానాసార్లు పెట్టి సూసిన బిడ్డా,
నా ఏలికి అన్ని నీళ్లు ఒక్కతీరుగనే ఉండె."

కాసేపు ఆగి, "ఏమైంది, ఖరాబైనయా?" అన్నాడు.
"లేదన్నా. మంచిగనే ఉన్నయ్."

ఆయన టీకి పోయినాక
పదకొండు సార్లు కడిగాను.
ముందు యాసిడ్, తర్వాత డిస్టిల్డు నీళ్లు,
మళ్లీ డిస్టిల్డు, మళ్లీ మళ్లీ.
నాకోసం ఒకరు రుద్దిన రుద్దుడు
గాజును అంత తేలిగ్గా వదలదు.

సాయంత్రం ఆరున్నరకు
ఒకటి పాయింటు ఎనిమిది.
పైరీన్ నీళ్ల నడుమ ఒక్కతే నిలబడి ఉంది,
మొదటి శిఖరం నిటారుగా.
నాకు కావాల్సింది అదే.

నోటుబుక్కులో పాత రీడింగు కొట్టెయ్యలేదు.
పక్కన రాశాను:
మంగళవారం. ఓదెలన్న సబ్బు.
గాఢత తెలియదు.